తిరగేసిన నేల

ఆ కబురు మొదట మా ఇంటికి తెచ్చింది ఎదురింటి లారీ బాబాయి. మాచర్ల వైపు నుంచి నాపరాళ్లు వేసుకుని సముద్రం ఒడ్డు ఊళ్లకు తోలుతుంటాడాయన. గురజాలలో మా సందు మొగలో లారీ ఆపి, తన ఇంట్లోకి పోయే ముందు మా అరుగు మీద కూర్చుని మంచినీళ్లు అడగడం ఆయన అలవాటు. ఆ రోజు నీళ్లు తాగాక కూడా చెంబు కింద పెట్టలేదు.

"అమ్మాయ్, మీ నాన్న రాళ్లు పరిచిన మండపం ఉంది చూడు, సముద్రం కాడ. దాన్ని పీకేస్తన్నారు."

"మండపాన్నా?"

"మండపాన్ని గాదు, నేలని. టైల్స్ ఏస్తారంట. టూరిస్టులకి మెరవాలంట. ఓ మూల అప్పుడే ఏసేశారు."

నేను సాయంత్రం దీపానికి ఒత్తులు చేసుకుంటున్నాను. "పోనీలే బాబాయ్, పాతబడింది గదా" అన్నాను. అన్నానే గాని, చేతిలోని ఒత్తి మెలిక పడకుండా విడిపోయింది.

"అదొక్కటే అయితే నేనూ చెప్పకపోదును" అన్నాడు బాబాయి, నా ముఖం చూడకుండా. "ఆడ ఆటోవాళ్లు టూరిస్టుల్ని తిప్పుతా ఏం చెబుతన్నారో తెలుసా? ఈ నేల పరిచినోడు పీకలదాకా తాగి ఉన్నాడంట, రాయి ఏ పక్క పైకి రావాలో తెలవక మొత్తం తిరగేసి పరిచాడంట. ఇంటన్న జనం పొట్టలు పట్టుకుని నవ్వుతన్నారు. ఆ పరిచింది ఎవరో నాకు తెలుసు గదమ్మా. చానా బాధేసింది."

మా నాన్న జన్మలో కల్లు చుక్క ముట్టలేదు. రెండేళ్ల కిందట, రాతి దుమ్ముతో నిండిన ఊపిరితిత్తులతో ఆయన వెళ్లిపోయిన రోజు కూడా, నోట్లో పోసింది తులసి నీళ్లే. ఆయన ఆ రాళ్లను తిరగేసి పరిచిన మాట నిజం. తాగి మాత్రం కాదు. ఎందుకు తిరగేశాడో తెలిసినవాళ్లలో బతికున్నది నేనొక్కదాన్నే. ఆ తప్పు నాది.

అదెట్లాగో చెప్పాలంటే మాచర్ల దగ్గర క్వారీ పక్కనున్న మా గుడిసెలోకి పోవాలి.

నేను బడికి పోలేదు. బడి ఉన్న ఊరికి నడవాలంటే, బండలు పేల్చే గుంతల అంచున పోవాలి. పేల్చే ముందు ఈల వేస్తారు. ఈల వినపడితే పెద్దవాళ్లే పరిగెత్తి బండి చాటున దాక్కునేవాళ్లు. చిన్నపిల్లను ఆ దారిన పంపడానికి మా అమ్మ ససేమిరా ఒప్పుకోలేదు. అందుకని మా నాన్నే నాకు బడి అయ్యాడు. ఆయన కూడా ఏ బడికీ పోయినవాడు కాదు. శనివారం భజనలో, పుస్తకం పట్టుకున్న పెద్దల పక్కన కూర్చుని, వాళ్ల వేలు ఎక్కడ కదిలితే అక్కడ కళ్లు కదిపి చదవడం నేర్చుకున్నాడు. అట్లా నేర్చుకున్నది నాకు పెట్టాడు.

పలక కొనలేదు. మా గుడిసె చుట్టూ ఉన్నవన్నీ పలకలే. లారీకి ఎత్తాల్సిన నాపరాళ్లు గోడకు ఆనించి ఉండేవి. రాతిపనివాళ్లు రాయికి ముఖం, వీపు అని రెండు పక్కలు చెబుతారు. నున్నగా ఉండేది ముఖం, గరుగ్గా ఉండేది వీపు. ఆ ముఖాల మీద నాన్న సుద్దముక్కతో అక్షరం పెట్టేవాడు, నేను దిద్దేదాన్ని. మొదట దిద్దించింది దేవుడి పేరు. తర్వాత అ, ఆలు. పొద్దున లారీ వచ్చేసరికి తడిగుడ్డతో తుడిచేసేవాళ్లం.

నాకు తొమ్మిదో ఏడు. ఆ తుడవడం అంటే నాకు గిట్టేది కాదు. రాత్రి కుదురుగా వచ్చిన 'ఋ' పొద్దుటికి ఉండేది కాదు. ఒక రోజు లారీ చెక్కల్లోంచి ఊడిపడ్డ మేకు దొరికింది. ఆ వారం గోడకు కొత్త రాళ్లు వచ్చాయి, మంచి రకం, సముద్రం ఒడ్డున ఏదో మండపానికని ప్రత్యేకంగా ఏరిపెట్టినవి. నాన్న, అమ్మ పనికి పోయాక, ఆ మేకుతో ఆ రాళ్ల ముఖాల మీద మొదలుపెట్టాను. ఒక్కో అక్షరం మీద పదేసి సార్లు గీశాను, వేలు పెడితే గాడి తగిలేదాకా. నాలుగు రోజులు రాశాను. రాసిన రాళ్లను లోపలికి నెట్టి, రాయనివి ముందుకు ఆనించి, ఎవరికీ కనపడకుండా చూసుకున్నాను. దొంగతనం అనుకోలేదు. నాన్నకు ఒకేసారి అన్నీ చూపించి మెప్పు పొందాలని నా ఆశ.

చూపించిన రోజు నాన్నతో కలిసి పనిచేసే మామ కూడా పక్కనే ఉన్నాడు.

"ఏందిరా తల్లీ ఇది?" అన్నాడు నాన్న. తలగుడ్డ తీసి రాయి తుడిచాడు. అక్షరం పోలేదు.

"తుడిచినా పోదు నాన్నా. పోకుండా రాశా."

మామ తల పట్టుకున్నాడు. "ఎల్లుండి లారీ వస్తంది గదయ్యా! ఒకటా రెండా, గోడంతా గీకిపెట్టింది ఇది. మిషన్ కింద పెట్టి రుద్దించు, పోద్ది."

"పిల్ల రాసిన అచ్చరాన్ని నా చేత్తో మిషన్ కింద పెట్టనా? నా వల్ల గాదు."

"అయితే అట్టాగే పరుచు. జనం తొక్కుతారు."

మా ఇంట్లో కాగితం కాలికి తగిలితే కళ్లకు అద్దుకోకుండా అడుగు వేసేవాళ్లు కాదు. ఉప్పు పొట్లం కట్టిన కాగితమైనా సరే, దాని మీద అక్షరం ఉంటే సరస్వతే.  నాన్న ఒక్కో రాయి దగ్గరికి పోయి, గొంతు కూర్చుని, నేను రాసిందంతా చదివాడు. పెదవులు కదిపి చదవడం ఆయన అలవాటు. ఆఖరి రాయి దగ్గర లేచాడు.

"తొక్కనియ్యను. తిరగేస్తా. ముఖం కిందికి, వీపు పైకి."

"పిచ్చి గిట్టా పట్టిందా? కొన్ని తిరగేసి కొన్ని మామూలుగా ఏస్తే నేల అతుకుల బొంతలాగా ఉంటది."

"అన్నీ తిరగేస్తా."

"నవ్వుతారయ్యా, మేస్త్రికి రాయి ముఖమే తెలవదని."

"నవ్వనీ."

నాకు అప్పటికి అర్థమై ఏడుపు మొదలైంది. నాన్న నన్ను దగ్గరికి లాక్కున్నాడు. ఆ చేతుల గరుకు నా బుగ్గకు ఇప్పటికీ తెలుసు. "నువ్వు భయపడమాక. మనుషులు చదవకపోతే ఏమైంది, భూదేవి చదువుకుంటదిలే" అన్నాడు.

ఆ రాళ్లతో పాటు మేమూ లారీ ఎక్కి సముద్రం ఒడ్డుకు పోయాం. పరిచే ముందు రాళ్ల వీపులన్నీ ఉలితో చదును చెయ్యాలి గనక, పది రోజుల పని నెల అయింది. మండపంలోనే వండుకున్నాం, అక్కడే పడుకున్నాం. నాన్న పొద్దున్నే సముద్ర స్నానం చేసి, బొట్టు పెట్టుకుని, ఉలి కళ్లకద్దుకుని కూర్చునేవాడు. పరిచిన ప్రతి రాయి మీదా తడికాళ్లతో అటూ ఇటూ నడిచి చూసేవాడు. నేల పూర్తయిన రోజు పని చూడటానికి వచ్చిన పెద్దమనిషి చెప్పు కొనతో రాయిని తట్టి, "ఏమయ్యా, మీ పల్నాటివాళ్లకు రాయి ఏ పక్క నునుపో కూడా తెలియదా?" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు.

మా నాన్న నావైపు చూడలేదు. చూస్తే అందరూ చూస్తారని. "నాకట్టా అలవాటైందండీ" అన్నాడు. అంతే.

ఆ ఊరినుంచి ఆయనకు మళ్లీ పని రాలేదు. ఆ మాట లారీల మీద మా వైపుకూ వచ్చింది. 'తిరగేసిన మేస్త్రి' అని పేరు పడింది. పెళ్లిళ్లలో, తిరనాళ్లలో, "తిరగేసిన మేస్త్రి వచ్చాడు, విస్తరి తిరగేసి వడ్డించండిరా" అనేవాళ్లు. నాన్న నవ్వి కూర్చునేవాడు. ఒక్కసారి కూడా "నా కూతురు చేసింది" అనలేదు. నేనూ అనలేదు. చిన్నప్పుడు భయం, పెద్దయ్యాక సిగ్గు. ఆయన పోయిన తర్వాత, ఇంకెవరికి చెప్పాలనే ఒక పెద్ద సాకు.

బాబాయి చెంబు కింద పెట్టి వెళ్లిపోయాక దీపం పెట్టాను. ఆ నేల ఉండాలని నేను దేవుణ్ని అడగలేదు. రాళ్లు ఉంటాయి, పోతాయి. నోరు తెరిచి నిజం చెప్పే ధైర్యం ఇవ్వమని మాత్రం అడిగాను.

పొద్దున మా ఆయనతో "సముద్రం చూసొద్దాం" అన్నాను. చిల్లర కొట్టు నడిపే మనిషి, ఆదివారం కూడా తలుపు సగం తెరిచి ఉంచే మనిషి. "సముద్రమా? ఇన్నేళ్లకు నీకు సముద్రం గుర్తొచ్చిందా?" అని ఆశ్చర్యపోయాడు గాని, కొట్టుకు తాళం వేశాడు. బస్సు నరసరావుపేట దాటి చిలకలూరిపేట చేరేలోగా ఆయనకు మొత్తం చెప్పేశాను. 

"ఇన్నేళ్లు ఇంత పెద్ద నేరస్తురాలితో కాపురం చేశానా నేను?" అన్నాడు. తర్వాత నా చేతిమీద చెయ్యి వేసి, "మీ నాయనని నేను కూడా ఒకసారి ఆ మాటతో ఎగతాళి చేశానే. మన పెళ్లిలో" అన్నాడు. 

ఆ ఊరు చిన్నది. బస్సు దిగగానే ఆటో కుర్రవాళ్లు చుట్టుముట్టారు. లైట్‌హౌస్, చేపల అక్వేరియం, బీచ్, స్నానాల మండపం, నాలుగూ చూపించి తీసుకొస్తామన్నారు. నేను నేరుగా మండపానికి పోదామన్నాను. మా ఆయన నా చెవిలో "ఇంత దూరం వచ్చి లైట్‌హౌస్ ఎక్కకపోతే కొట్టు దగ్గర జనానికి ఏం చెప్పను? పద, ఎట్టాగూ మండపం ఆఖర్న ఉంది" అన్నాడు. ఆయనది కూడా జంకే అని నాకు తెలిసింది. నా ధైర్యం కూడా ఇంకో గంట ఆలస్యమైతే బాగుండునని లోపల కోరుకుంటోంది.

అక్వేరియం గుమ్మమే పెద్ద చేప నోరు. లోపల, గాజు వెనక ఒక బొద్దు చేప మా ఆయన ముఖానికి ఎదురుగా వచ్చి నోరు తెరిచి మూసింది. "అచ్చం అప్పు అడగొచ్చినోడిలాగే ఉంది" అని ఆయన వెనక్కి జరిగాడు. బీచ్‌లో ఊరి పేరు మనిషెత్తు అక్షరాలతో నిలబెట్టారు, దాని ముందు ఫోటోలకు వరస. గుర్రం ఎక్కిన పెద్దావిడ ఒకామె దించమని అరుస్తూ ఉంటే ఆమె మనవళ్లు ఇంకో చుట్టు తిప్పమంటున్నారు. మొక్కజొన్న కంకుల పొగ, తడి బట్టలు, అలల హోరు. ఇన్ని రకాల మనుషులు ఒకేచోట నవ్వుతూ ఉండటం చూసి, ఇదంతా ఇచ్చిన స్వామికి లోపలే దణ్ణం పెట్టుకున్నాను.

లైట్‌హౌస్ మెట్లు గుండ్రంగా తిరుగుతూ పోయాయి. పైకి చేరేసరికి మా ఆయన మోకాళ్లు పట్టుకుని కూలబడ్డాడు. నేను కమ్మీ పట్టుకుని కిందికి చూశాను. ఇసక అంచున మండపం పైకప్పు, దాని ముందు విశాలమైన నేల. బూడిద రంగు, సముద్రం మీద మబ్బు నీడ లాగా. ఒక మూల మాత్రం తెల్లగా తళతళలాడుతోంది, అదే కొత్త టైల్స్. అంత ఎత్తునుంచి కూడా ఒక సంగతి వింతగా కనిపించింది. ఆ తళతళల మీద ఎవరో గోతాలు పరిచారు.

ఆటో కుర్రాడు ఆఖర్న మమ్మల్ని మండపం దగ్గర దించి, ఇంజన్ ఆపకుండానే మొదలుపెట్టాడు. "ఇది మన ఊరి స్పెషల్ అండీ, తిరగేసిన మండపం. వెనకటికి పల్నాడు నుంచి వచ్చినోడొకడు ఫుల్లుగా తాగేసి..."

"నువ్వు చూశావా?" అన్నాడు మా ఆయన.

"నేనెక్కడ పుట్టానండీ అప్పటికి? అందరూ చెప్పుకుంటారు."

"చూసిన నేను ఇక్కడ కూర్చుని ఉంటే, నన్నడగరు గాని అందరూ చెప్పుకుంటారంట!" అని ఒక గొంతు వినపడింది. మండపం మెట్ల పక్కన గవ్వలు, శంఖాలు, గవ్వల దండలు అమ్మే మనిషి, ఊరంతా మామ్మ అని పిలిచేది. అరవై దాటి ఉంటాయి. "ఒరేయ్, ఆ మేస్త్రి ఈ రాళ్లు పరిచేనాటికి నేను కొత్త కోడల్ని. ఈడే కూర్చుని గవ్వలు గుచ్చేదాన్ని. ఆయన పొద్దున్నే మునిగి, బొట్టు పెట్టుకుని, దేవుడికి మొక్కి కూర్చునేవోడు. సారా సంగతి దేవుడెరుగు, నేను టీ ఇస్తే కూడా వద్దనేవోడు. నువ్వు ఆయన్ని తాగుబోతు అంటావా?"

 మెట్టు మీద కూర్చున్నాను. ఎవరూ అడగని సాక్షి ఒకామె, ఇన్నేళ్లు అక్కడే గవ్వలు గుచ్చుతూ ఉంది.

"మామ్మా, ఆ గోతాలు ఎందుకు పరిచారు?" అని అడిగాను, ఏదో ఒకటి అడగాలి గనక.

మామ్మ ముఖం వెలిగిపోయింది. "జారకుండానమ్మా! ఆ టైల్స్ మీద తడికాళ్లతో అడుగేస్తే ఇంకేం లేదు, జర్రుమని పోవడమే. మొన్నటికి మొన్న, వాటిని ఏయించిన ఇంజినీరు బాబే జారి, నా గవ్వల బుట్టలో కూర్చున్నాడు. సగం శంఖాలు పిండైపోయినయ్. గోతాలు తెచ్చి పరిచింది నేనే. అదిగో, వస్తన్నాడు చూడు, కుంటుకుంటా."

నిజంగానే ఒక యువకుడు, తల మీద పసుప్పచ్చ టోపీతో, చేతిలో కాగితాలతో కుంటుతూ వస్తున్నాడు. మామ్మ మాట వినపడి సిగ్గుగా నవ్వాడు. "పిండైన శంఖాలన్నీ నేనే కొన్నాను గదా మామ్మా, ఇంకా ఎంతమందికి చెబుతావు?"

చెప్పాల్సింది అప్పుడే.  మా ఆయన నా వీపు మీద చెయ్యి పెట్టాడు. దేవుడా అనుకుని లేచాను.

"బాబూ, ఈ నేల పరిచింది మా నాన్న" అన్నాను. "తాగి పరచలేదు. ముఖాలు కిందికి పెట్టింది కావాలనే. నా చిన్నప్పుడు తెలియక ఆ రాళ్ల ముఖాల మీద మేకుతో అక్షరాలు గీశాను. ఆయన వాటిని చెరపలేదు, జనం కాళ్ల కింద పడనివ్వలేదు. అందుకని తిరగేశాడు. తప్పు నాది. నవ్వాలంటే నన్ను చూసి నవ్వండి."

ఎవరూ నవ్వలేదు. ఆటో కుర్రాడు ఇంజన్ ఆపేశాడు.

 ఇంజినీరు మర్యాదగానే అడిగాడు. "అమ్మా, మీ మాట కాదనడం లేదు. కానీ తీసిన రాళ్లు వెనక పేర్చాం. వాటి మీద అక్షరాలేమీ కనపడలేదే?"

 మండపం వెనక్కి పోయి చూశాం. అవును, రాళ్ల అడుగున అంతా సున్నం, ఇసక కలిసిన పొర, రాయిలాగే గడ్డకట్టి ఉంది. అక్షరం కాదు గదా, రాయి ముఖమే కనపడటం లేదు. ఒక్కసారి నాకే సందేహం వచ్చింది. అన్ని రాళ్ల మీదా నేను రాయలేదు. రాసినవి ఈ మూల పడకపోతే? ఇన్నేళ్లలో ఉప్పుగాలి తినేస్తే?

మామ్మ తన బుట్టలోంచి పెద్ద ఆల్చిప్ప తీసి నా చేతిలో పెట్టింది. "గీకమ్మా. చిన్నప్పుడు గీకావుగా, ఇప్పుడూ గీకు."

మొదటి రాయి మీద ఏమీ లేదు. రెండో దాని మీదా లేదు. మూడో రాయికి మా ఆయన కూడా చెయ్యి వేశాడు. ఆటో కుర్రాడు సముద్రం నుంచి నీళ్లు తెచ్చి పోస్తున్నాడు. నాలుగో రాయి అంచున ఆల్చిప్ప దూర్చి లేపితే, సున్నం పొర అప్పడమంత పెచ్చుగా ఊడి నా ఒళ్లో పడింది.

దాన్ని తిప్పాను. పెచ్చు మీద అక్షరం ఉబ్బెత్తుగా ఉంది. అద్దంలో చూసినట్టు ఎడమది కుడికి. రాయి మీద నేను గీసిన గాడిలోకి తడి సున్నం దిగి, అట్లాగే గట్టిపడి, అచ్చు దిగినట్టు నిలిచింది. పెచ్చు ఊడిన చోట, రాయి ముఖం మీద, వంకరగా, లోతుగా, తొమ్మిదేళ్ల చేతితో రాసిన దేవుడి పేరు.

భూదేవి చదువుకుంది. ఊరికే చదవడం కాదు, నేను దిద్దినట్టే తనూ దిద్దుకుంది.

నేను ఏడవలేదు. ఆశ్చర్యంగా, నవ్వు వచ్చింది. చిన్నప్పుడు గోడ ముందు నిలబడి "తుడిచినా పోదు నాన్నా" అన్నప్పుడు వచ్చిన నవ్వే అది. ఇంజినీరు కుంటికాలితోనే కింద కూర్చుని ఆ గాడిలో వేలు పెట్టి చూశాడు. చెప్పులు విడిచి కూర్చున్నాడని తర్వాత గమనించాను.

"మామ్మా" అన్నాడు తల ఎత్తకుండా, "పాత నేల మీద ఇన్నేళ్లలో ఎవరైనా జారిపడ్డారా?"

"కార్తీక పున్నమికి ఈ మండపం మీద అడుగు పెట్టను సందుండదు బాబూ. ముసలోళ్లు, పసిపిల్లలు, అంతా తడిబట్టలతోనే. నా ఎరుకన ఒక్కరూ పడలా."

అది నేను ఎరగని సంగతి. మా నాన్న తడికాళ్లతో నడిచి చూసింది అందుకే కాబోలు. రాళ్లు తిరగేసింది మొదట నా కోసమే. చదును చేసేటప్పుడు మాత్రం ఉలితో ఎంత గరుకు ఉంచాలో అంతే ఉంచింది, ఎవరో ముక్కూముఖం తెలియని ముసలమ్మల కోసం. ఒక పిల్ల చేసిన తప్పును ఆయన ఊరందరికీ మేలుగా మలిచాడు. ఆ మాట ఆయన నోటితో ఎన్నడూ చెప్పలేదు గనక నేను తేల్చి చెప్పలేను. కానీ నమ్ముతున్నాను.

"నా చేతుల్లో లేదమ్మా, పైన అడగాలి" అన్నాడు ఇంజినీరు వెళ్లేముందు. "కానీ నేను పడ్డ సంగతి కూడా రాసి పంపుతాను."

"నా శంఖాల సంగతి కూడా రాయి" అంది మామ్మ.

ఇంటికి వచ్చి రోజూ దీపం పెట్టుకున్నాను, ఏమీ అడగకుండా. అడిగింది నాకు అప్పటికే దక్కింది. రెండు వారాలకు లారీ బాబాయి సందు మొగలో ఆపిన లారీని సరిగ్గా నిలబెట్టకుండానే దిగి వచ్చాడు. ఫోన్ నా ముఖం ముందు పెట్టాడు. టైల్స్ తీసేశారు. ఆ మూల రాళ్లను మళ్లీ వీపు పైకి పెట్టి పరిచారు. ఒక్క రాయిని మాత్రం నేల మీద కాకుండా గోడకు, మనిషి కళ్ల ఎత్తున, ముఖం బయటికి ఉండేట్టు నిలబెట్టారు. ఆల్చిప్పతో నేను గీకిన రాయి అది. పక్కన చిన్న బోర్డు:

'ఈ నేల పరిచిన మేస్త్రి, తన బిడ్డ రాసిన అక్షరాలు ఎవరి కాళ్ల కిందా పడకూడదని రాళ్లన్నీ తిరగేశాడు. తడికాళ్లతో నడిచి చూడండి.'

ఫోటోలో బోర్డు కన్నా ముందు బాబాయి బొటనవేలు కనపడింది. 

కార్తీక పున్నమికి మళ్లీ పోయాం. ఈసారి మా ఆయనే ముందు రోజే కొట్టుకు తాళం వేసేశాడు. సముద్ర స్నానం చేసి, తడిబట్టలతో, వందల మంది మధ్యన ఆ నేల మీద నడిచాను. పాదం కింద ఆ గరుకు, చిన్నప్పుడు బుగ్గకు తగిలిన చేతుల గరుకే. అటువైపు నుంచి మా ఆటో కుర్రాడు ఎవరినో వెంటబెట్టుకుని గొంతెత్తి చెబుతున్నాడు. "ఆ మేస్త్రి నలభై రోజులు ఉపవాసం ఉండి, మౌనంగా, ఒంటికాలి మీద నిలబడి పరిచాడండీ ఈ రాళ్లు..."

"ఒరేయ్ అబ్బాయ్" అన్నాను దగ్గరికి పోయి, "మా నాన్న ఉపవాసం లేదు, ఏమీ లేదు. రెండు పూటలా గోంగూర పచ్చడితో కడుపునిండా తిని, మా అమ్మతో పోట్లాడుతూ పరిచాడు. అట్లాగే చెప్పు."

"అట్టా చెబితే ఇంటారంటారా అమ్మా?"

"చెప్పి చూడు" అంది మామ్మ, కొత్త శంఖాల బుట్ట సర్దుకుంటూ.

చెప్పి చూశాడు. విన్నారు. ఒక పిల్ల వాళ్ల నాన్న భుజం మీద నుంచి వంగి, గోడ మీది రాతిలో వేలు పెట్టి నా అక్షరాన్ని దిద్దింది.

నాకు చదువు పెట్టిన చేతులు ఈ లోకంలో లేవు. కానీ ఆ చేతులు పెట్టిన చదువుతోనే ఇది రాశాను. మీలో ఎవరైనా సముద్రం ఒడ్డున ఉన్న ఆ చిన్న ఊరికి పోతే, లైట్‌హౌస్ ఎక్కండి, చేపలు చూడండి, మామ్మ దగ్గర గవ్వలు కొనండి. తర్వాత చెప్పులు విడిచి, కాళ్లు తడుపుకుని, ఆ నేల మీద నాలుగడుగులు వెయ్యండి. మీరు జారరు. జారనప్పుడు మా నాన్నను ఒక్కసారి తలుచుకోండి. పేరు అక్కర్లేదు. ఆయన తన పేరు ఏ రాయి మీదా రాసుకోలేదు.